ట్రాన్స్‌ఫార్మర్ రాగి, మోటారు కేబుళ్లు చోరీ కాకుండా కాపాడుకోవడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతులకు, గ్రామ పెద్దలకు సమగ్ర మార్గదర్శి

మొక్కజొన్నకు తడి పెట్టవలసిన రోజున పొలానికి వెళ్లి చూస్తే దిమ్మె ఖాళీగా ఉందని, ట్రాన్స్‌ఫార్మర్ పక్క మడిలో పొట్ట చీల్చిన కొబ్బరికాయలా పడి ఉందని చెప్పి, ఇలా మళ్లీ జరగకుండా ఏం చేయాలని అడిగేవారు ప్రతి కోతల కాలంలోనూ ఉంటున్నారు. అడిగినవారిలో ఎక్కువమంది ఆలోచన కాపలా మనిషి దగ్గరో, కెమెరా దగ్గరో ఆగిపోతోంది. రెండూ పనికొచ్చేవే గానీ వాటికంటే ముందు, వాటికంటే తక్కువ ఖర్చుతో చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. వాటిని చేయవలసిన క్రమంలోనే ఇక్కడ రాస్తున్నాను.

1. దొంగ ఏ వేళకు వస్తాడో ముందు తెలుసుకోండి

అర్ధరాత్రి చీకటి కంటే తీగలో కరెంటు లేని సమయమే దొంగకు ముఖ్యం. 11 కేవీ (11 వేల వోల్టుల) లైను మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో అతనికి మనకంటే బాగా తెలుసు. మన రాష్ట్రంలో వ్యవసాయ ఫీడర్లకు (సబ్‌స్టేషన్ నుంచి పొలాలకు వచ్చే లైన్లకు) పగటిపూట 9 గంటల త్రీఫేజ్ సరఫరా ఇస్తున్నారు. రైతుకు అది ఎంతో మేలు, పాము కాట్లూ రాత్రి తడుల బాధా తప్పాయి. అయితే ఆ ఫీడరు మీద ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లన్నీ రాత్రంతా కరెంటు లేకుండా నిలబడి ఉంటాయన్నది కూడా అంతే నిజం.

సరఫరా ఉన్న వేళ వచ్చే దొంగ ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనును ఆపే స్విచ్) హ్యాండిల్ కిందికి లాగి లైను తానే ఆపుకుంటాడు, లేదా పొడవాటి కర్రతో హెచ్‌జీ ఫ్యూజులు (ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందుండే 11 కేవీ ఫ్యూజులు) తీసేస్తాడు. అంటే ప్రతి చోరీకి ముందు ఎక్కడో ఒకచోట కరెంటు ఆగి ఉంటుంది. ఆ ఆగడాన్ని ఎవరు, ఎంత త్వరగా గమనిస్తారన్నదే మొత్తం వ్యవహారానికి కీలకం. కింద చెప్పబోయే పనుల్లో సగానికి పైగా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

కాలం విషయానికి వస్తే, వరి కోసి కుప్పలు వేసిన తరువాత రబీ తడులు మొదలయ్యే దాకా, మళ్లీ ఎండాకాలంలో, పొలం వైపు మనిషి అడుగు తగ్గే రోజులు ప్రమాదకరమైనవి. చోటు విషయానికి వస్తే, ఊరికి దూరంగా ఉండి ఆటో వచ్చేంత దారి ఉన్న చోట్లు, సరుగుడు, జీడి, నీలగిరి తోటల అంచులు, స్తంభాలు వేసి ఇళ్లు కట్టని లేఅవుట్లు ముందు వరుసలో ఉంటాయి. భోగాపురం చుట్టుపక్కల ప్లాట్లు కొని వేరే ఊళ్లలో ఉంటున్నవారు ఈ చివరి మాట ప్రత్యేకంగా గమనించాలి.

హెచ్‌వీడీఎస్ (ఎక్కువ వోల్టేజి లైనునే మోటార్ల దగ్గరి దాకా తెచ్చే) పద్ధతిలో నాలుగైదు మోటార్లకు ఒకటి చొప్పున పెట్టిన 16, 25 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యపు కొలత) చిన్న ట్రాన్స్‌ఫార్మర్లను ఇద్దరు ముగ్గురు కలిసి కిందికి దొర్లించగలరు. అందుకే ఊరి మధ్యనున్న 100 కేవీఏ కంటే పొలంలోని చిన్నదానికే ముప్పు ఎక్కువ.

2. ఏది మీ పని, ఏది కాదు

మోటారు, స్టార్టర్ డబ్బా, స్తంభం నుంచి స్టార్టర్ దాకా వచ్చే సర్వీసు తీగ, బోరులోకి దిగే కేబుల్ రైతువి. ట్రాన్స్‌ఫార్మర్, స్తంభాలు, లైన్లు, ఏబీ స్విచ్, ఎర్తింగు విద్యుత్ పంపిణీ సంస్థవి. మన రెండు జిల్లాలూ ఈపీడీసీఎల్ (తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ) పరిధిలో ఉన్నాయి.

సంస్థ సామగ్రి మీద ఒక్క నట్టు కూడా మీరు తిప్పకూడదు. తాళం వేయాలన్నా, క్లాంపు బిగించాలన్నా, ముళ్ల తీగ చుట్టాలన్నా లైన్‌మన్ లైన్ క్లియర్ (లైను ఆపి పని చేసే అనుమతి) తీసుకుని, లైను ఎర్త్ చేసి (నేలకు కలిపి), తానే చేయాలి. ఫ్యూజు పోతే మనమే ఎక్కి వేసుకునే అలవాటు మన ఊళ్లలో ఉంది. ఆ అలవాటు ఎంతమందిని బలితీసుకుందో చెప్పనవసరం లేదు. అది చాలనట్టు, స్తంభం ఎక్కిన కొత్త మనిషిని చూసి ఎవరికీ అనుమానం రాకుండా చేసిందీ అదే.

3. మొదటి రోజు పని: ఒక నోటుపుస్తకం

రెండు వందల పేజీల బడి నోటుపుస్తకం చాలు. మీ ఆయకట్టులో ఉన్న ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక పేజీ కేటాయించి ఈ వివరాలు రాయండి.

- ట్యాంకు (ట్రాన్స్‌ఫార్మర్ నూనె ఉండే ఇనుప పెట్టె) మీద పెయింటుతో రాసిన నిర్మాణ సంఖ్య, సామర్థ్యం, పేరు పలక మీది సీరియల్ నంబరు
- ఏ సబ్‌స్టేషన్, ఏ ఫీడరు, సరఫరా వేళలు
- దాని కింద ఉన్న మోటార్లు, రైతుల ఫోన్ నంబర్లు
- దగ్గరి ఇల్లు, కళ్లం లేదా పాక. అక్కడ రాత్రి ఎవరుంటారు
- అక్కడికి వచ్చే బండి దారులు ఎన్ని
- పగటి వెలుతురులో నాలుగు వైపుల నుంచి తీసిన ఫోటోలు

ఫోటోలు తీసేటప్పుడు ట్యాంకుకు కనీసం నాలుగైదు మీటర్ల దూరంలో నిలబడి జూమ్ వాడండి. పేరు పలక కనబడకపోతే లైన్‌మన్‌ను అడిగి రాసుకోండి గానీ దిమ్మె ఎక్కవద్దు. సబ్‌స్టేషన్ ఫోన్ నంబరు, లైన్‌మన్, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), గ్రామ సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంట్, స్థానిక పోలీసు స్టేషన్ నంబర్లు పుస్తకం మొదటి పేజీలో ఉండాలి. ఈ పుస్తకం సర్పంచి ఇంట్లో బీరువాలో పెడితే ఉపయోగం లేదు. పాల కేంద్రంలోనో, రైతు సేవా కేంద్రంలోనో అందరికీ అందేచోట వేలాడదీయండి.

4. ట్రాన్స్‌ఫార్మర్‌కు చేయించవలసిన పనులు

ఈ భాగం కొంచెం విపులంగా రాస్తున్నాను, ఎందుకంటే ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతున్నాయి.

లైన్ల పనిలో ఉన్న రోజుల్లో నాగావళి కాలువ కింద ఒక చోరీ చూడటానికి వెళ్లాను. వరి కోసిన మడిలో ట్యాంకు పక్కకు ఒరిగి ఉంది. మోళ్ల మధ్య నూనె నల్లగా ఇంకి, దాని మీద ఉదయపు మంచు ముత్యాల్లా నిలిచింది. పైమూత బోల్టులన్నీ, వాషర్లతో సహా, మెకానిక్ షెడ్డులో పెట్టినట్టు దిమ్మె అంచున వరుసగా పేర్చి ఉన్నాయి. ఒకటి తీసి చూస్తే మర మీద ఎక్కడా తుప్పు లేదు, దెబ్బ లేదు. దొంగ ఏదీ పగలగొట్టలేదు. పన్నెండు రూపాయల బోల్టును రెంచితో తిప్పుకుని, తొందర లేకుండా కాయిల్ (లోపలి తీగ చుట్ట) ఎత్తుకుపోయాడు. ఆ రోజు నాకు అర్థమైంది: అతనికి ఆ ట్యాంకు తెరవడం ఎంత సులువో, మనం దాన్ని కష్టం చేయడమూ దాదాపు అంతే సులువు.

ఏఈ గారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకుని, ఈ క్రింది పనులు అడగండి.

*ట్యాంకును దిమ్మెకు కట్టడం.* ట్యాంకు కింది చక్రాలు లేదా బేస్ చానల్‌ను దిమ్మెలో పాతిన ఇనుప క్లాంపులతో బిగించాలి. జంట స్తంభాల మీద ఉన్నదాన్ని ఆధార చానల్‌కు అడ్డపట్టీలతో కట్టాలి. కిందికి దొర్లించలేని ట్రాన్స్‌ఫార్మర్‌ను పైననే తెరవాలంటే దొంగకు చాలా సమయం పడుతుంది.

*పైమూత బోల్టులు.* బిగించిన తరువాత బయటికి వచ్చిన మరను సుత్తితో చదును చేస్తే నట్టు వెనక్కి రాదు. బిగించాక తల తెగిపోయే రకం నట్లు వాడితే ఇంకా మంచిది. బోల్టులకు వెల్డింగ్ చుక్కలు పెట్టించమని కొందరు అడుగుతుంటారు. నూనె నిండి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పొలంలో వెల్డింగ్ చేయడం నిప్పుతో చెలగాటం. ఆ పని మరమ్మతు కేంద్రంలో, తగిన జాగ్రత్తలతో మాత్రమే జరగాలి.

*నూనె కవాటం.* కింది డ్రెయిన్ వాల్వ్‌కు అడ్డు పలకో, సీలో ఉండాలి. కాయిల్ తీయకుండా నూనె మాత్రమే దొంగిలించేవారు ఉన్నారు. మట్టం తగ్గిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మరుసటి ఉదయం చార్జి చేస్తే (కరెంటు ఇస్తే) కాయిల్ వేడెక్కి కాలిపోతుంది, అప్పుడు అది 'లోడు ఎక్కువై కాలింది' అని రికార్డుకెక్కి నిందంతా రైతుల మోటార్ల మీద పడుతుంది.

*లోపల అల్యూమినియం ఉంటే పైకి చెప్పడం.* ఇప్పుడున్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో అల్యూమినియం కాయిల్ ఉన్నవి చాలా ఉన్నాయి. పాత సామాన్ల కొట్టులో అల్యూమినియానికి రాగి ధర రాదు. ఆ సంగతి దొంగకు ట్యాంకు విప్పాకే తెలుస్తుంది, అప్పటికి మన నష్టం జరిగిపోయి ఉంటుంది. కాబట్టి 'లోపల అల్యూమినియం చుట్టు, రాగి లేదు' అని తెలుగులోనూ, సరిహద్దు మండలాల్లో ఒడియాలోనూ, దూరానికి కనబడే అక్షరాలతో ట్యాంకు మీద రాయించమని అడగండి. ట్యాంకు మీద గుర్తింపు సంఖ్యలు ఎన్ని చెక్కినా దొంగ వదిలిపోయేది ఆ ట్యాంకునే. రాసిన ఈ ఒక్క మాట మాత్రం అతన్ని ముందే వెనక్కి తిప్పవచ్చు. రాగి ఉన్నదాని మీద అబద్ధం రాయించవద్దు. ఒక్కచోట బయటపడితే అన్నిచోట్లా ఆ రాతకు విలువ పోతుంది.

*ఏబీ స్విచ్ తాళం.* హ్యాండిల్‌కు తాళం వేసే ఏర్పాటు ఉండాలి. ఒక తాళంచెవి లైన్‌మన్ దగ్గర, రెండోది సబ్‌స్టేషన్‌లో ఉండాలి. సముద్రపు గాలి తగిలే సోంపేట, కవిటి, గార వైపు మామూలు ఇనుప తాళం రెండు వానలకే బిగుసుకుపోతుంది. ఇత్తడి తాళం అడగండి, ప్రతి రెండు నెలలకూ నూనె వేయించండి. ఈ తాళం లైన్‌మన్ ప్రాణానికీ రక్షే, అతను లైను మీద ఉండగా మరొకరు స్విచ్ వేయకుండా అడ్డుకుంటుంది.

*చుట్టూ శుభ్రం.* తుప్పలు, తీగలు దిమ్మెను కప్పేస్తే అక్కడ మనిషి కూర్చున్నా రోడ్డు మీదికి కనబడడు. కొట్టించే పని లైను ఆపినప్పుడు, లైన్‌మన్ ఎదుట జరగాలి.

5. ఎర్తింగు పట్టీ

స్తంభం పక్కన నేలలోకి దిగే పట్టీని కోసుకుపోవడం చిన్న దొంగతనంగా కనిపిస్తుంది. దాని వల్ల జరిగే హాని ట్రాన్స్‌ఫార్మర్ పోయినదాని కంటే ఎక్కువ కావచ్చు. న్యూట్రల్ ఎర్తు (న్యూట్రల్ తీగను నేలకు కలిపే పట్టీ) పోయి, పైగా న్యూట్రల్ తీగ కూడా తెగిందంటే, 230 వోల్టులు రావలసిన కొన్ని ఇళ్లకు 400 వోల్టుల దగ్గరి దాకా వెళ్లి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. బాడీ ఎర్తు (ట్యాంకును నేలకు కలిపే పట్టీ) పోయిన ట్యాంకుకు లోపల కరెంటు తగిలితే, దాన్ని తాకిన పశువు అక్కడే పడిపోవచ్చు.

రాగి పట్టీ ఉన్నచోట జింకు పూత ఇనుప పట్టీకి మార్చమని అడగండి, దానికి దొంగ బజారులో గిరాకీ లేదు. నేల మీద రెండున్నర మీటర్ల ఎత్తు దాకా పట్టీని గొట్టంలో పెట్టి సిమెంటుతో పూడ్చితే మరీ మంచిది. తెగిన ఎర్తు తీగ కనబడితే దాన్ని చేత్తో పట్టుకుని కలపవద్దు. తెగిన రెండు కొసల మధ్య వోల్టేజి ఉండవచ్చు.

6. మీ సొంత కేబుల్, స్టార్టర్, మోటారు

పత్రికల్లో జిల్లా పేజీల్లో మూలన చిన్నగా వచ్చే 'మోటారు వైర్ల చోరీ' వార్త వెనుక ఒక రైతు రెండు వారాల తడి పోగొట్టుకున్న కథ ఉంటుంది. ఇది పూర్తిగా మీ చేతిలో ఉన్న భాగం. మెయిన్ ఆపి, టెస్టర్‌తో మూడు ఫేజులూ చూసి, ఎలక్ట్రీషియన్ చేతనే ఈ క్రమంలో చేయించండి.

ముందుగా స్తంభం నుంచి స్టార్టర్ దాకా ఉన్న రాగి తీగ స్థానంలో అల్యూమినియం ఆర్మర్డ్ (ఉక్కు తొడుగున్న) కేబుల్ వేయించండి. అల్యూమినియం విద్యుత్ వాహకత రాగిలో సుమారు 60 శాతమే గనుక అదే లోడుకు తీగ అడ్డుకోత వైశాల్యం (చదరపు మిల్లీమీటర్లలో చెప్పే సైజు) ఒకటిన్నర రెట్లకు మించి తీసుకోవాలి. అల్యూమినియం కొసను స్టార్టర్‌లోని రాగి లేదా ఇత్తడి టెర్మినల్‌కు నేరుగా బిగిస్తే కొన్నాళ్లకు ఆ అతుకు తిని వేడెక్కుతుంది. రెండు లోహాల లగ్గులు (తీగ కొసకు తొడిగే బిళ్లలు) వాడాలి.

తరువాత స్టార్టర్ నుంచి బోరు దాకా కేబుల్‌ను పైన వదలకుండా గొట్టంలో పెట్టి 75 సెంటీమీటర్ల లోతున పాతించండి. దుక్కి నాగలి, రోటవేటరు తగలని లోతు అది. పాతిన దారి మీద రాళ్లు పెట్టి గుర్తు చేయకండి, మీ నోటుపుస్తకంలో అడుగుల లెక్కతో గీసుకోండి.

బోరు మూతి దగ్గర ఇనుప టోపీ వేసి తాళం పెట్టండి. కేబుల్ ఆ టోపీ కింది నుంచే బయటికి రావాలి, బారెడు కేబుల్ చుట్ట చుట్టి బోరు పక్కన పడేసి ఉంచకూడదు. బయటకు కనబడే ఆ చుట్టే దొంగకు పిలుపు.

చివరగా, కేబుల్ మీద ప్రతి రెండు మీటర్లకూ చెరగని సిరాతో మీ సర్వే నంబరు రాయించండి. దొంగ తొక్క కాల్చేస్తే రాత పోతుందన్నది నిజమే. కానీ కాల్చడానికి అతనికి చోటు, సమయం కావాలి. తెల్లవారుజామున తోటలోంచి నల్లటి పొగ, ప్లాస్టిక్ మాడిన ఘాటు వాసన వస్తే అక్కడ ఎవరో తీగ కాలుస్తున్నారని అర్థం. ఒంటరిగా వెళ్లవద్దు, 112కు ఫోన్ చేయండి.

కోతల తరువాత మోటారు వాడని నెలల్లో:

- స్టార్టర్ లోపలి భాగం విప్పి ఇంటికి తెచ్చుకోండి
- నేల మీది మోటారైతే పునాది బోల్టులకు తాళపు పట్టీ వేయండి, లేదా ఇంటికి చేర్చండి
- మోటారు వాడకపోయినా వారానికోసారి పొలానికి వెళ్లి, వెళ్లినట్టు పుస్తకంలో రాయండి

7. పది నిమిషాల పద్ధతి

ఈ మార్గదర్శిలో ఒక్కటే పాటించగలిగితే దీన్నే పాటించండి.

సరఫరా ఉండవలసిన వేళలో కరెంటు పోతే పది నిమిషాల్లో ఒకరు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేయాలి. అడగవలసిన మాట ఒకటే: "బాబూ, మా ఫీడరు ట్రిప్ అయిందా, లేకపోతే ఎవరైనా ఎల్‌సీ తీసుకున్నారా?" ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. పని చేయడానికి లైను ఆపుతున్నామని సిబ్బంది రాసి తీసుకునే అనుమతి అది.

ట్రిప్ అయిందంటే, అంటే లోపం వచ్చి లైను దానంతటదే ఆగిందంటే, మామూలు అంతరాయం. ఎల్‌సీ ఇచ్చామంటే ఎవరికి, ఎంతసేపటికి అని అడిగి రాసుకోండి. రెండూ కాదు, ఫీడరు చార్జిలోనే ఉందన్నారంటే మీ దగ్గర ఎక్కడో ఏబీ స్విచ్ ఎవరో తెరిచారు, లేదా ఫ్యూజులు పోయాయి. అప్పుడు లైన్‌మన్‌కు చెప్పి, కనీసం నలుగురు కలిసి, టార్చిలు వేసుకుని, మాట్లాడుకుంటూ ఆ దారిన వెళ్లండి. చప్పుడు చేస్తూ వెళ్లడమే మంచిది. దొంగను పట్టుకోవడం మీ పని కాదు. అతను పారిపోతే మీ ట్రాన్స్‌ఫార్మర్ మిగులుతుంది.

ఫీడరుకు రాత్రంతా సరఫరా ఉండదు కాబట్టి ఆ వేళకు ఈ పద్ధతి సరిపోదు. అందుకు ట్రాన్స్‌ఫార్మర్ల వారీగా వంతులు వేసుకోండి. అందరూ అన్నీ చూడనవసరం లేదు. ఒక్కో రాత్రి ఇద్దరు చొప్పున, ఒకసారి పది గంటలకు, ఒకసారి మూడు గంటల ప్రాంతంలో, దారి మార్చి తిరిగితే చాలు. రోజూ ఒకే గంటకు తిరిగే కాపలా దొంగకు గడియారంలా ఉపయోగపడుతుంది.

8. అలారాలు, కెమెరాలు, దీపాలు

ఫోనుకు సందేశం పంపే మొబైల్ స్టార్టర్లు ఇప్పటికే చాలామంది రైతుల దగ్గర ఉన్నాయి. ఫేజు పోయినప్పుడు సందేశం వచ్చే ఏర్పాటు ఉంటే దాన్ని ఆన్ చేయండి, ఖర్చు లేని అలారం దొరికినట్టే. అయితే బ్యాటరీ లేని అలారం తాను కాపాడవలసిన ట్రాన్స్‌ఫార్మర్ నుంచే కరెంటు తాగుతుంది. లైను ఆగిన క్షణాన అదీ మూగబోతుంది. కొనేముందు షాపులోనే ప్లగ్ పీకి, ఫోనుకు సందేశం వస్తుందో లేదో చూసి కొనండి.

కదలికను పసిగట్టే బ్యాటరీ అలారాన్ని ట్యాంకు మీద పెట్టాలంటే సంస్థ అనుమతి కావాలి. సోలార్ దీపం, సోలార్ కెమెరా ట్రాన్స్‌ఫార్మర్ స్తంభానికి కాకుండా వేరే గుంజకు, దారి వైపు తిప్పి పెట్టండి. తోటలో పడి ఉన్న ట్యాంకు బొమ్మ కంటే దారిలో వెళ్లిన ఆటో నంబరు పోలీసులకు పదిరెట్లు ఉపయోగం.

9. పగటి వేషాలు, పాత సామాన్ల కొట్లు

హెల్మెట్ పెట్టుకుని, నిచ్చెన వేసుకుని పట్టపగలు వచ్చేవారిని ఎవరూ అడగరు. మర్యాదగానే అడగండి: గుర్తింపు కార్డు, ఎల్‌సీ ఎవరి పేరున తీసుకున్నారు, ఏ ఏఈ పంపారు. నిజమైన సిబ్బంది విసుక్కున్నా చెబుతారు. చెప్పినదాన్ని అక్కడే నిలబడి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి సరిచూసుకోండి.

ఊళ్లోకి సైకిలు మీద వచ్చి పాత ఇనుము, సీసాలు కొనేవారంతా దొంగలు కారు. అనుమానం మీద పేదవాణ్ని కట్టేసి కొట్టడం నేరం, తప్పు కూడా. చూడవలసింది కొట్టు వైపు. పాలకొండ రోడ్డు మీదైనా, జాతీయ రహదారి పక్కనైనా కొట్టు నడిపేవారితో గ్రామ పెద్దలు ఒకసారి కూర్చుని ఈ మాటలు చెప్పడం మంచిది.

- మసి పట్టి, అక్కడక్కడ ప్లాస్టిక్ అంటుకున్న రాగి తీగ కొనవద్దు
- కాగితం చుట్టిన, నూనె వాసన వచ్చే రాగి ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్‌ది
- ఆరు అల్యూమినియం పోగుల మధ్య ఒక ఉక్కు పోగు ఉన్న తీగ ఓవర్‌హెడ్ లైనుది, అమ్మినవారిది కాదు
- అమ్మినవారి గుర్తింపు కార్డు నకలు, బండి నంబరు, తూకం రాసి ఉంచుకోవాలి

దొంగ సొత్తు అని తెలిసీ విద్యుత్ సామగ్రి కొంటే విద్యుత్ చట్టం, 2003లోని 137వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చని కూడా చెప్పండి.

10. తుఫాను తరువాతి వారం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస తీరాన్ని తాకిన తరువాత ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లతో పాటు స్తంభాలూ వరుసల కొద్దీ పడిపోయి, తీగలు పొలాల్లో పరుచుకున్నాయి. అలాంటి రోజుల్లో దొంగకు స్తంభం ఎక్కే పని కూడా ఉండదు.

నేల మీది తీగలో కరెంటు ఉందనే అనుకోవాలి. ఎవరో ఇంట్లో జనరేటర్ పెడితే అది వెనక్కి లైనులోకి ఎక్కే ప్రమాదమూ ఉంది. లైను చచ్చిందని సిబ్బంది చెప్పి, ఎర్త్ చేశాకే తీగను చుట్టాలి. చుట్టిన తీగను 'భద్రం కోసం' ఎవరి ఇంట్లోనూ పెట్టవద్దు. పంచాయతీ కార్యాలయంలో చేర్చి, ఎన్ని చుట్టలు, సుమారు ఎంత పొడవు అని రాసి, లైన్‌మన్ సంతకం తీసుకోండి. మంచి మనసుతో పెరట్లో దాచినవారు తరువాత సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చిన సందర్భం నేను ఎరుగుదును.

11. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ, లేదా బోరు చుట్టూ తీగ కట్టి దానికి కరెంటు పెట్టడం అన్నిటికంటే ఘోరమైన తప్పు. దొంగ కంటే ముందు మీ పిల్లవాడో, పక్క రైతో, గొర్రెల కాపరో తగులుతారు. ప్రాణం పోతే పెట్టినవారే ముద్దాయి. కరెంటు లేని ముళ్ల తీగ చాలు.

చందాలు వేసి ఒక కాపలా మనిషిని పెట్టి, అందరూ నిద్రపోవడం రెండో పొరపాటు. అతనికి సబ్‌స్టేషన్ నంబరు కూడా తెలియకపోతే జీతం దండగ. పుస్తకం అతని చేతికి ఇవ్వండి, వారానికోసారి రాతలు చూడండి.

పాడైన ట్రాన్స్‌ఫార్మర్‌ను దింపి, కొత్తది వచ్చే దాకా పొలం గట్టున వదిలేయడం మూడోది. దింపిన రోజే మరమ్మతు కేంద్రానికి పంపించమని అడగండి. బండి ఆలస్యమైతే ఊళ్లోకి చేర్చి రాత్రి దీపం కింద ఉంచండి.

12. చోరీ జరిగిందని తెలిసిన మొదటి గంట

క్రమం తప్పకుండా చేయండి.

1. దూరంగా ఆగండి. పైన 11 కేవీ జంపర్లు (లైనును ట్రాన్స్‌ఫార్మర్‌కు కలిపే తీగలు) చార్జిలో ఉండవచ్చు, తెగిన కొసలు వేలాడుతుండవచ్చు.
2. సబ్‌స్టేషన్‌కు, లేదా 1912కు ఫోన్ చేసి లైను ఆపించండి. తరువాత 112కు చెప్పండి.
3. అడుగుజాడలు, టైరు గుర్తులు తొక్కకుండా జనాన్ని ఆపండి. బోల్టులు, రెంచి, గోనె సంచి, బీడీ ముక్క ఏది కనబడినా ముట్టుకోకుండా ఫోటో తీయండి.
4. కారిన నూనె దగ్గర బీడీలు, అగ్గి వద్దు. పశువులను అటు రానివ్వవద్దు. పోలీసులు చూశాక ఇసుక పోయించండి.
5. నోటుపుస్తకంలో ఆ రోజు కరెంటు పోయిన వేళ, చివరగా ఎవరు చూశారన్నది చూసి రాసుకోండి.

ట్రాన్స్‌ఫార్మర్ సంస్థ ఆస్తి గనుక ఫిర్యాదు ఏఈ ఇవ్వాలి. మీ కేబుల్, స్టార్టర్ పోతే మీ ఫిర్యాదు వేరుగా ఇవ్వండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్ష సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా సమాచారం తీసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. మండలాల సరిహద్దులో పొలం ఉన్నవారు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఫిర్యాదులో విద్యుత్ చట్టం 136వ సెక్షన్ పేర్కొనమని అడగండి. లైన్లు, విద్యుత్ సామగ్రి దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోసారి నేరం రుజువైతే ఆరు నెలలకు తగ్గకుండా అయిదేళ్ల దాకా జైలు, పదివేల రూపాయలకు తగ్గని జరిమానా. విద్యుత్ సరఫరా సామగ్రికి కలిగించిన నష్టానికి 1984 నాటి ప్రజా ఆస్తుల విధ్వంస నివారణ చట్టం కూడా వర్తిస్తుంది. ఎఫ్‌ఐఆర్ ప్రతి చేతికి రాగానే ఒక నకలు ఏఈ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కాగితాలు అక్కడి నుంచి కదులుతాయి.

13. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చిన రోజు

దారి తెలిసిన దొంగ అదే దిమ్మెకు మళ్లీ వస్తాడు, పైగా ఈసారి లోపల కొత్త కాయిల్ ఉందని అతనికి తెలుసు. చార్జి చేసే తొందరలో 'క్లాంపులు రేపు వేస్తాం' అంటారు. నీళ్లకు ఆగలేని మనమూ సరే అంటాం. అలా అనకుండా, లైన్‌మన్ స్విచ్ వేయకముందే ఈ జాబితా చదివించండి.

- ట్యాంకు దిమ్మెకు బిగిసిందా
- పైమూత బోల్టుల మరలు చదును చేశారా
- డ్రెయిన్ వాల్వ్‌కు సీలు ఉందా, నూనె మట్టం గుర్తు దగ్గర ఉందా
- బాడీ ఎర్తు, న్యూట్రల్ ఎర్తు రెండూ వేరువేరుగా ఉన్నాయా
- ఏబీ స్విచ్‌కు తాళం పడిందా, తాళంచెవి ఎవరెవరి దగ్గర ఉంది
- లోపలిది రాగా, అల్యూమినియమా. అల్యూమినియమైతే పైన రాశారా
- కొత్త సీరియల్ నంబరు నోటుపుస్తకంలో ఎక్కిందా

మొదటి నెల రోజులు రాత్రి వంతులు రెట్టింపు చేయండి.